అరిగితేనే పట్టు

దిగువమెట్ట దాటితే చాలు, గాలి మారిపోతుంది. గిద్దలూరు దాకా సెగలు కక్కిన రోడ్డు ఒక్కసారిగా చెట్ల నీడలోకి దూరుతుంది. అక్కణ్నుంచి పాచర్ల మీదుగా గాజులపల్లె వైపు వెళ్తుంటే రెండు పక్కలా నల్లమలే. మార్కాపురం నుంచి నంద్యాల వెళ్లేవాళ్లకి దారి మొత్తంలో సుఖమైన ముక్క ఏదంటే అదే.

2023 జూన్‌లో ఓ ఆదివారం ఆ సుఖమైన ముక్కలోనే మాస్టారు పడ్డారు.

ఆయనది మార్కాపురంలో లెక్కల మాస్టారు ఉద్యోగం. సొంతూరు గిద్దలూరు. అత్తగారిది నంద్యాల. పెళ్లయిన దగ్గర్నుంచీ పండక్కీ పబ్బానికీ భార్యాభర్తలిద్దరూ ఆ దారిలో బండి మీదే తిరిగారు. కంభంలో ఇడ్లీ, గిద్దలూరులో అమ్మ దగ్గర కాఫీ, ఘాట్ దిగాక ఓ చెట్టు కింద పది నిమిషాల విశ్రాంతి... ఇరవై ఏళ్ల అలవాటు. ఆ రోజు మాత్రం హడావిడిగా బయల్దేరారు. అత్తగారికి ఒంట్లో బాగోలేదని తెల్లవారుజామున ఫోనొచ్చింది.

ఘాట్‌లో నాలుగు చినుకులు పడ్డాయి. వాన కూడా కాదు. చొక్కా తడవలేదు. ఎదురుగా లారీ వస్తోంది, మలుపు తిరగాలి. ముందు బ్రేకు కాస్త నొక్కారు. సబ్బుముక్క మీద కాలేసినట్టు ముందు చక్రం పక్కకు వెళ్లిపోయింది. స్పీడు ముప్పై అయిదు కూడా లేదని ఆయన ఇప్పటికీ చెబుతారు.

ఆయనకు మోకాలు గీరుకుపోయింది. ఆమెకు కుడి ముంజేతి ఎముక విరిగింది. ఆ లారీ డ్రైవరే దిగి ఇద్దర్నీ లేపి, బండి పక్కన పెట్టించి నంద్యాల చేర్చాడు. తల్లిని చూడబోయిన కూతురు ఆస్పత్రిలో మంచమెక్కితే, జ్వరంతో ఉన్న తల్లే లేచి కూతుర్ని చూడటానికి వచ్చింది.

'రోడ్డు జారింది' అని మాస్టారు అందరికీ చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు. ఎవరు మాత్రం కాదంటారు? ఆమె కూడా ఏమీ అనలేదు. కట్టు విప్పాక మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. అంతా మామూలైపోయింది, ఒక్కటి తప్ప. 'మీరు పదండి, నేను బస్సులో వస్తా' అనడం మొదలుపెట్టింది. గుడికైనా అంతే, గిద్దలూరికైనా అంతే. ఆయన బండి స్టార్ట్ చేస్తే ఆమె బస్టాండు వైపు నడిచేది.

మాస్టారికి ఓ డైరీ ఉంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు రాస్తారు. బ్రేకులు, చైను, టైర్లు... అన్నిటికీ లెక్కే. ఆ డైరీలో ఆయన గొప్పగా చూపించుకునే పేజీ ఒకటుంది. 2017లో బండితో పాటు వచ్చిన ముందు టైరు ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. అయినా గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వెనక టైరు ఒకసారి మార్చారు గానీ దీన్ని ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. 'టైరంటే ఇట్టా ఉండాలి' అని స్టాఫ్ రూములో ఎంతమందికి చెప్పుంటారో!

ఘాట్‌లో జారింది ఆ టైరే.

ఆ సంగతి ఆయనకు తెలిసింది నాలుగు నెలల తర్వాత. వెనక టైరు మళ్లీ అరిగిందని మార్కాపురంలో తనకు తెలిసిన టైర్ల కొట్టుకు వెళ్లారు. కొట్టు పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. వాళ్ల నాన్న పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. కొడుకు టైర్లలోకి వచ్చాడు. కొట్లో ఇప్పటికీ అప్పుల పద్దు పలక మీదే రాస్తాడు. మార్కాపురం పలకల మీద అ ఆలు దిద్దని తెలుగువాళ్లు ఒకప్పుడు తక్కువే. ప్లాస్టిక్ పలకలొచ్చి, నోటు పుస్తకాలొచ్చి ఆ ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి. అదే రాయి ఇప్పుడు ఇళ్ల గోడలకు అందంగా అతికించే టైల్స్ అవుతోంది. ఆయన కొట్లో మాత్రం పలక పలకగానే ఉంది.

పెద్దాయన వెనక టైరు వైపు చూడనే లేదు. ముందు టైరు దగ్గర గొంతుక్కూచుని బొటనవేలి గోరు నొక్కాడు. గోరు దిగలేదు.

'సారూ, ఇది రబ్బరు కాదు. మా నాన్న కోసిన రాయి' అన్నాడు.

టైరు పక్క గోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారంలో నాలుగంకెలున్నాయి. 2317. ఇన్నేళ్లూ లెక్కల మాస్టారి కంట పడని లెక్క అది. మొదటి రెండంకెలూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2017లో ఇరవై మూడో వారంలో తయారైంది. పడ్డనాటికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో నాలుగేళ్లు స్కూలు ఆవరణలో చెట్టు కూడా లేని చోట ఎండలో నిలబడింది. మే నెలలో ఆ ప్రాంతపు ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఎండా గాలీ తగిలేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. అందులో మెత్తదనం కోసం కలిపిన నూనెలు మెల్లగా పోతాయి. గాట్లు ఎంత లోతుగా ఉన్నా లాభం లేదు. గాట్ల పని నీళ్లను పక్కకు తోయడం. రోడ్డును పట్టుకునేది గాటు కాదు, దాని పక్కనున్న రబ్బరు.

అప్పుడే పెద్దాయన పలక చేతికి తీసుకున్నాడు. డ్రాయర్లోంచి రెండు బలపాలు తీశాడు. ఒకదాంతో గీశాడు. కీచుమని చప్పుడొచ్చింది గానీ గీత సరిగా పడలేదు. ఇంకోదాంతో గీశాడు. తెల్లగా, లావుగా పడింది. వేళ్లకు పొడి అంటింది.

'ఈ మొదటి బలపం ఏడాదైనా అరగదు సారూ. కానీ అక్షరం రాదు. దీంతో ఏం చేసుకుంటారు?'

మాస్టారు ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్ల పేజీ గురించి మాట్లాడలేదు.

నిజానికి టైరు వ్యవహారమంతా ఆ రెండు బలపాల మధ్యే ఉంది. తారు రోడ్డు పైకి నున్నగా కనిపిస్తుంది గానీ దగ్గరగా చూస్తే అంతా గరుకే. మెత్తటి రబ్బరు ఆ గరుకుల్లోకి దిగుతుంది, పట్టుకుంటుంది, వదిలేటప్పుడు రవ్వంత తనను తాను ఒలుచుకుంటుంది. ఆ ఒలుచుకోవడమే అరుగుదల. గట్టి రబ్బరు గరుకు మీద తేలిపోతుంది కాబట్టి అరగదు. పట్టూ కావాలి, మన్నికా కావాలి అంటే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోవడమే. కంపెనీలు నూట పాతికేళ్లకు పైగా ఈ బేరమే ఆడుతున్నాయి.

గాలి టైరు పుట్టిందే ఓ తండ్రి పుణ్యమా అని. బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు 1888లో కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. (అంతకు నలభై ఏళ్ల ముందే థామ్సన్ అనే ఆయన ఇలాంటిదానికే పేటెంటు తీసుకున్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.) అప్పటి టైర్లు నల్లగా ఉండేవి కావు. తర్వాత రబ్బరులో మసి కలపడం మొదలయ్యాక మన్నిక ఎన్నో రెట్లు పెరిగింది, రంగూ మారింది. మన బండి టైరు నలుపు ఆ మసిదే. 1990ల నుంచి మసితో పాటు సిలికా కలపడం ఊపందుకుంది. ఇసుకలో ఉండే పదార్థమే, సన్నటి పొడి రూపంలో. అది కలిపిన రబ్బరు తడి రోడ్డు మీద బాగా పట్టుకుంటుంది, మరీ తొందరగా అరగదు కూడా. బేరంలో కాస్త వెసులుబాటు దొరికింది అక్కడే.

ఇంకో ఉపాయం సంగతి మాస్టారికి బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు చెప్పాడు. అతనికి పెద్ద బండి ఉంది. సెలవులొస్తే స్నేహితులతో దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కుతాడు. 'మామయ్యా, మా టైర్లు మధ్యలో గట్టిగా, అంచుల్లో మెత్తగా ఉంటాయి' అన్నాడు. స్పోర్ట్ టూరింగ్ టైర్లంటారట. తిన్నటి రోడ్డు మీద వందల కిలోమీటర్లు వెళ్లేటప్పుడు నేలకు తగిలేది టైరు నడినెత్తి. అది అరగకూడదు కాబట్టి గట్టి రబ్బరు. మలుపులో బండి వాలితే తగిలేది భుజం. అక్కడ జారకూడదు కాబట్టి మెత్తటి రబ్బరు. మిషెలిన్, పిరెల్లీ, మెట్జెలర్ లాంటి కంపెనీలు పెద్ద బండ్లకు ఇలాంటివి చేస్తాయి. మాస్టారి నూట యాభై సీసీ బండికి ఆ సైజులు పట్టవు. పట్టినా ఆ ధరకు ఆయన డైరీ ఒప్పుకోదు.

కానీ ఆ మాట ఆయన బుర్రలో ఉండిపోయింది. తన దారీ అలాంటిదే కదా! మార్కాపురం నుంచి కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు దాకా దాదాపు తిన్నటి రోడ్డు. ఆ తర్వాత ఒకటే మలుపులు. తిన్నటి రోడ్డు మీద ఎక్కువ తిరిగిన టైరు నడినెత్తి బల్లపరుపుగా అరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సింది పీటలా అవుతుంది. మలుపులో వాలితే ఆ పీట అంచు మీదకు ఒక్కసారిగా ఒరుగుతుంది. ఊళ్లో తిరిగినంతకాలం ఆ తేడా తెలియనే తెలియదు. ఘాట్‌లోనే తెలుస్తుంది. పెద్దాయన పాత వెనక టైరు విప్పి పక్కన నిలబెడితే ఆ పీట మాస్టారికి కంటికి కనిపించింది.

'ముందుదీ వెనకదీ రెండూ మార్చాల్సిందే' అన్నాడు పెద్దాయన. చాలామంది వెనకది రెండుసార్లు మార్చి, ముందుదాన్ని అలాగే ఉంచేస్తారు. అరగలేదు కదా అని. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు తోసుకొస్తుంది. బండిని ఆపేదీ, తిప్పేదీ ముందు చక్రమే. వెనకది జారితే బండి తోక ఊపుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకోవడానికి టైముండదు. అది మాస్టారికి ఎవరూ చెప్పక్కర్లేదు.

బేరం దగ్గరకొచ్చేసరికి అలవాటు పోలేదు. 'ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?' అని అడిగేశారు. పెద్దాయన నవ్వి, రెండు రకాలు తీసి ముందుపెట్టాడు. ఒకటి ముప్పై వేలు తిరిగే గట్టి రకం, ధర రెండు వేలు. రెండోది మెత్తది, మూడు వేలు. పద్దెనిమిది వేలు తిరిగితే గొప్ప. మాస్టారు పలక తీసుకుని లెక్క వేశారు. మొదటిది కిలోమీటరుకు దాదాపు ఏడు పైసలు. రెండోది పదిహేడు. తేడా పది పైసలు. మార్కాపురం నుంచి నంద్యాల వెళ్లి రావాలంటే సుమారు 250 కిలోమీటర్లు. పాతిక రూపాయలు. రెండు చక్రాలకూ కలిపితే యాభై.

యాభై రూపాయలు. కంభంలో ఇద్దరి టిఫిన్ డబ్బులు కూడా కాదు. ఆస్పత్రి బిల్లు ఆయన డైరీలో వేరే పేజీలో ఉంది. దాన్ని కిలోమీటర్లతో భాగించడానికి ఆయనకు మనసొప్పలేదు.

చివరికి ముందు చక్రానికి మెత్త రకం, వెనక చక్రానికి మధ్యరకం తీసుకున్నారు. వెనక చక్రం బరువు మోస్తుంది, ఇంజను లాగుడంతా దానిదే. మరీ మెత్తదైతే ఎండాకాలం గడవదు. ఈ ఏర్పాటు అందరికీ ఒకటే అని కాదు. ఊళ్లోనే తిరిగేవాళ్లకీ, పాలక్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్లకీ గట్టి టైరే న్యాయం. ఎవరి దారి వాళ్లది.

అదే సమయంలో ఓ కుర్రాడు కొట్లోకొచ్చి తన బండికి లావు టైరు కావాలన్నాడు. లావైతే పట్టు ఎక్కువని అతని లెక్క. పెద్దాయన ఒప్పుకోలేదు. రిమ్ము సన్నదైతే లావు టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి నడినెత్తి ఉబ్బుతుంది. నేలకు తగిలేది తగ్గినా ఆశ్చర్యం లేదు. పైగా బండి బద్ధకంగా తిరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. కంపెనీ చెప్పిన సైజు దాటొద్దని చెప్పి పంపేశాడు. వచ్చిన గిరాకీని వెనక్కి పంపే కొట్టు ఇంకా ఉందన్నమాట!

ఆ సైజు పక్కనే ఇంకో అంకె, ఓ అక్షరం ఉంటాయి. మాస్టారి వెనక టైరు మీద 55పి అని ఉంది. 55 అంటే ఆ టైరు 218 కిలోలు మోయగలదని అర్థం. 48 ఉంటే 180 కిలోలే. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. వేగం సంగతి సరే, బరువు అంకె మాత్రం చూడాల్సిందే. బండి, ఇద్దరు మనుషులు, అత్తగారింటి నుంచి తెచ్చే బియ్యం మూట... సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుంది.

గాలి దగ్గర మాత్రం మాస్టారికీ పెద్దాయనకూ చిన్న వాదన జరిగింది. ఎండాకాలం గాలి తగ్గించాలని, లేకపోతే పేలిపోతుందని ఆయన ఎప్పటినుంచో నమ్ముతున్నారు. ఆ చుట్టుపక్కల సగం మంది నమ్మకం అదే. జరిగేది దానికి రివర్సు. గాలి తగ్గితే టైరు ప్రతి తిరుగుడుకీ ఎక్కువగా నలుగుతుంది. నలిగేకొద్దీ వేడెక్కుతుంది. పక్క గోడలు దెబ్బతింటాయి, అంచులు అరుగుతాయి. మరీ ఎక్కువ కొట్టించినా తప్పే. నేలకు తగిలే ముక్క చిన్నదై నడినెత్తి అరుగుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని ఉంటుంది. పొద్దున్నే, బండి తీయకముందు చూసుకోవాలి. ఓ పది కిలోమీటర్లు తిరిగాక కొలిస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేసుకుంటారు.

ముళ్ల సంగతీ ఉంది. ఆ ప్రాంతంలో రోడ్డు పక్కన సర్కారు తుమ్మ లేని చోటు వెతకాలి. ట్యూబు టైరులో ముల్లు దిగితే గాలి ఒక్కసారిగా పోయే ప్రమాదముంది. ట్యూబ్‌లెస్‌లో మెల్లగా పోతుంది. అడవి మధ్యలో పంక్చర్ల షాపుండదు కాబట్టి ఆ మెల్లదనమే గిద్దలూరో గాజులపల్లో చేరుస్తుంది. మాస్టారిది అలాయ్ చక్రాల బండి కనుక ఆ చిక్కు లేకపోయింది. ఇక కంది కోతల కాలంలో రైతులు రోడ్డు మీద కంది కట్టె పరుస్తారు, బండ్లు తొక్కితే కాయ రాలుతుందని. దాని మీద నిలబడే టైరు ఏ దేశంలోనూ తయారు కాలేదు. దిగి నడిపించుకోవడమే.

కొత్త టైర్లు వేసిన రోజు పెద్దాయన ఓ షరతు పెట్టాడు. అచ్చులోంచి వచ్చిన కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 200 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు కొట్టొద్దు, బాగా వాల్చొద్దు. కొత్త టైర్లు కదా అని ఆ సాయంత్రమే ఘాట్ ఎక్కొద్దు. మాస్టారు రెండు వారాలు స్కూలుకీ ఇంటికీ, ఆదివారం తర్లుపాడు దాకా ఒక్కరే తిరిగారు. హోంవర్క్ చేసినట్టు డైరీలో రాశారు. 204 కిలోమీటర్లయ్యాక భార్యను పిలిచి, టైరు దగ్గర కూచోబెట్టి గోరు నొక్కి చూపించారు. గోరు దిగింది. పాత టైరూ పక్కనే పెట్టారు. ఆమె రెండూ నొక్కి చూసింది.

'అంటే ఆ రోజు రోడ్డు జారలేదన్నమాట' అంది.

ఆయన లేదన్నారు. నాలుగు చినుకులు పడ్డప్పుడే రోడ్డు మరీ ప్రమాదమని, దుమ్మూ లారీల నూనే తడిసి జిగురవుతాయని, గట్టి వాన పడితే కడుక్కుపోతాయని చెప్పబోయారు. అదీ నిజమే. కానీ మధ్యలో ఆపేసి, 'టైరు నేను మార్చలేదు' అన్నారు. అంతకు ముందు ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

ఆమె వెంటనే బండెక్కలేదు. ఆ కార్తీకమాసమంతా బస్సే. సంక్రాంతికి ముందు ఓ రోజు చెన్నకేశవస్వామి గుడికి వెళ్తూ వెనక కూచుంది. తర్వాత కంభం. ఆ తర్వాత గిద్దలూరు. ఘాట్ ఎక్కడానికి మాత్రం మరుసటి వానాకాలం దాకా పట్టింది. దిగువమెట్ట దగ్గర చినుకులు మొదలయ్యాయి. మాస్టారు బండి పక్కకు తీసి ఆపారు. అరగంట చెట్టు కింద నిలబడ్డారు. వాన బాగా పడింది, రోడ్డు కడిగేసింది. అప్పుడు బయల్దేరారు. మలుపు దగ్గర ఆమె చెయ్యి ఆయన భుజం మీద గట్టిగా బిగిసిందట. గాజులపల్లె దాకా వదల్లేదు.

ఇప్పుడు మాస్టారి డైరీలో టైర్ల పేజీకి ఇద్దరు. నెలకోసారి ఆమె అడుగుతుంది.

'ముందుది అరుగుతోందా?'

'అరుగుతోంది.'

'అయితే సరే.'

పాత ముందు టైరు పారేయలేదు. గిద్దలూరులో అమ్మ ఇంటి ముందు వేపచెట్టుకు తాడు కట్టి ఉయ్యాల చేశారు. వీధిలో పిల్లలంతా దాని మీదే. ఎండకు ఎండుతోంది, వానకు తడుస్తోంది. గాట్లు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి.